బిడ్డ బొడ్డుకు ఏం రాయాలి? జవాబు వెతకడం ఎలా?



"సిస్టర్ గారూ, బొడ్డుకు ఆముదం, పసుపు రాయమంటున్నారు మా అత్తగారు. రాయవచ్చా?" వన్ టౌన్ బాలింతలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీనికి నర్సు తన అలవాటును బట్టి కాక, పరిశోధనను బట్టి జవాబు చెప్పాలి. ఆ పరిశోధన ఎక్కడ దొరుకుతుందో చూద్దాం. నర్సింగ్ చదివే పిల్లలున్న ఇళ్లవారు మరింత శ్రద్ధగా చదవండి.

వైద్య పత్రికల్లో వచ్చిన వ్యాసాల వివరాలను ఒకచోట చేర్చి, విషయాన్ని బట్టి వెతుక్కునేలా అమర్చినదే డేటాబేస్. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారి పబ్‌మెడ్ 1997 నుండి అందరికీ ఉచితం. నర్సుల కోసం ప్రత్యేకంగా ఉన్నది సినాల్. 1940లలో ఎల్లా క్రాండల్, మరికొందరు నర్సింగ్ వ్యాసాల వివరాలు కార్డులపై రాసిపెట్టడంతో అది మొదలైంది, 1961లో అచ్చులోకి వచ్చింది. కంప్యూటర్లు లేని రోజుల్లో ఎంత ఓపిక! దీనికి చందా ఉంటుంది కనుక కాలేజీ లైబ్రరీలో అడగాలి. కాక్రేన్ లైబ్రరీ ఒకే ప్రశ్నపై జరిగిన పరిశోధనలను కలిపి తూచి చెబుతుంది. 2007లో భారత వైద్య పరిశోధన మండలి చందా కట్టి దాన్ని దేశమంతటికీ తెరిపించింది. దాని సారాంశాలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

వెతికే ముందు ప్రశ్నను విడదీయాలి. ఎవరికి? అప్పుడే పుట్టిన బిడ్డకు. ఏమి చేస్తే? బొడ్డుకు క్లోర్‌హెక్సిడిన్ మందు రాస్తే. దేనితో పోల్చి? ఏమీ రాయకుండా పొడిగా ఉంచడంతో. ఏమి జరిగింది? చీము పట్టిందా, బిడ్డ బ్రతికిందా? ఈ మాటలను ఇంగ్లీషులో కొట్టి మధ్యలో "యాండ్" పెడితే అన్నీ ఉన్న వ్యాసాలే వస్తాయి. "ఆర్" పెడితే ఏ ఒక్కటి ఉన్నా వస్తాయి. ఒకే విషయాన్ని ఒక్కో రచయిత ఒక్కో పేరుతో రాస్తారు. అందుకే పబ్‌మెడ్‌లో "మెష్" అనే పదాల పట్టిక ఉంది. మన విజయవాడలోనే 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. దాని అనుబంధ కాలేజీల విద్యార్థినులు సిగ్గుపడకుండా లైబ్రేరియన్‌ను అడిగి ఈ పట్టిక వాడడం నేర్చుకోవాలి.

దొరికిన మొదటి కాగితంతో ఆగకూడదు. 2006లో వెలువడిన నేపాల్ పరిశోధనలో క్లోర్‌హెక్సిడిన్ రాసిన పిల్లల్లో బొడ్డు ఇన్ఫెక్షన్లు, మరణాలు తగ్గాయి. అది చదివి ఇక అందరికీ రాయాలనుకుంటాం. కానీ అక్కడ ఎక్కువ కాన్పులు ఇళ్లలోనే జరిగాయి. ఆ తరువాత జాంబియా, టాంజానియాలలో చేసిన పరిశోధనల్లో మరణాలు తగ్గినట్టు తేలలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సూచనల్లో బొడ్డును శుభ్రంగా, పొడిగా ఉంచమంది. పేడ వంటి హానికరమైనవి రాసే అలవాటు ఎక్కువగా ఉన్న చోట్ల మాత్రమే ఆ మందు వాడమంది.

కనుక అత్తగారికి నెమ్మదిగా చెప్పండి: ఆముదం వద్దు, పసుపు వద్దు, బూడిద వద్దు. చేతులు సబ్బుతో కడుక్కుని బిడ్డను ముట్టుకోండి. లంగోటీ బొడ్డు కిందికి ఉండేలా కట్టండి. బొడ్డు చుట్టూ ఎర్రబడినా, చీము కారినా, వాసన వచ్చినా, బిడ్డ ఒళ్లు కాలినా, పాలు తాగకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.