పేగులో నిలవాలంటే పట్టు ఉండాలి

పాలను పెరుగుగా తోడుపెట్టేవి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా. పెరుగన్నం తిన్న ప్రతిసారీ ఇవి కోట్ల సంఖ్యలో కడుపులోకి చేరతాయి. వీటిలో చాలా భాగం జీర్ణాశయంలోని ఆమ్లానికి, పిత్తరసానికి చనిపోతాయి. మిగిలినవి కూడా పేగు గోడను పట్టుకోలేకపోతే ఆహారంతో పాటు బయటకు కొట్టుకుపోతాయి.

ఆ గోడను పట్టుకోవడం అంత తేలిక కాదు. పేగు కణాల మీద ఎప్పుడూ ఒక జిగురు పొర పరుచుకుని ఉంటుంది. పెద్దపేగులో ఇది రెండు వరుసలుగా ఉంటుంది. లోపలి వరుస దట్టంగా ఉండి బ్యాక్టీరియాను దాదాపు రానివ్వదు. వాటికి చోటు దొరికేది వదులుగా ఉండే పై వరుసలోనే.

‘లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ’ అనే ప్రోబయోటిక్ ఈ జిగురును ఎలా పట్టుకుంటుందో 2009లో ఫిన్లాండ్ పరిశోధకులు వివరించారు. (జీజీ అంటే దాన్ని వేరుచేసిన గోర్బాక్, గోల్డిన్‌ల పేర్లలోని మొదటి అక్షరాలు.) దీని ఒంటి మీద ‘పిలై’ అనే సన్నని నూగు ఉంటుంది. ఆ నూగులోని ‘స్పాసీ’ ప్రోటీన్ జిగురుకు అతుక్కుంటుంది. అదే జాతికి చెందిన ఎల్‌సీ705 రకంలో ఈ నూగుకు కావలసిన జన్యువులు లేవు. మనుషులకు ఇచ్చి చూసినప్పుడు జీజీ రకమే పేగులో ఎక్కువ రోజులు నిలిచింది. ఒకే జాతి, ఒకే పేరు. పనితీరులో మాత్రం ఇంత తేడా! ఈ నూగు ప్రోటీన్ల నిర్మాణాన్ని ఫరీదాబాద్‌లోని రీజనల్ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీ శాస్త్రవేత్తలు కూడా పరిశీలించారు.

అతుక్కోవడంతో పని అయిపోదు. జీజీ విడుదల చేసే ‘పీ40’ ప్రోటీన్ పేగు కణాలు త్వరగా చనిపోకుండా కాపాడుతుందని ప్రయోగశాలలో తేలింది.

ఈ పట్టు విలువ ఏమిటో ఒడిశా పల్లెల్లో జరిగిన పరీక్ష సూచిస్తుంది. పేగు కణాలకు బాగా అతుక్కునే గుణం చూసి ఎంచుకున్న ‘లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్’ రకాన్ని, దానికి ఆహారమయ్యే ఒక పిండిపదార్థంతో కలిపి నవజాత శిశువులకు 7 రోజులు ఇచ్చారు. పరీక్షలో మొత్తం 4,556 మంది శిశువులున్నారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం రక్తంలో ఇన్ఫెక్షన్ లేదా మరణం మందు తీసుకోని వారిలో 9 శాతం కాగా, తీసుకున్న వారిలో 5.4 శాతం. పుట్టినప్పుడు కనీసం 2 కిలోల బరువున్న పిల్లలనే ఇందులో చేర్చుకున్నారు. అందువల్ల మరీ తక్కువ బరువుతో పుట్టినవారికి ఈ అంకెలను వర్తింపజేయలేం.

పెద్దవారి సంగతి మరో రకం. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు ఎండోస్కోపీతో పేగు లోపలి నుంచే నమూనాలు తీశారు. ఒకే ప్రోబయోటిక్ కొందరి పేగులో నిలిచింది, మరికొందరిలో నిలవలేదు. మలంలో మాత్రం ఇద్దరిలోనూ అది కనిపించింది. అంటే మల పరీక్ష ఒక్కదానితో అది లోపల అతుక్కుందో, దాటిపోయిందో చెప్పలేం.

భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రోబయోటిక్ ఆహారాల లేబుల్ మీద బ్యాక్టీరియా జాతి పేరుతో పాటు రకం పేరు కూడా రాయాలని సూచిస్తున్నాయి.