రాడ్డు కరిగిపోయాక మిగిలేది నంబరే

కోలారు జిల్లా క్యాసంబళ్ళి చుట్టుపక్కల మా ఈడువాళ్ళకు పని అంటే రెండు దారులు. ఒకటి గని, రెండోది ఇనుము. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గని మూతపడింది. ఇనుము పని మాత్రం నిలబడింది: బుల్డోజర్లు, ఎక్స్‌కవేటర్లు చేసే బీఈఎంఎల్, ఇంకా చిన్నా పెద్దా ఫ్యాబ్రికేషన్ షెడ్లు. నా ఉద్యోగం అట్లాంటి షెడ్లలోనే, వెల్డింగ్ సరుకు పరీక్షించి కాగితం రాయడం. ఇప్పుడు మా వూరి పిల్లలు అదే పనిలో చేరుతున్నారు. వాళ్ళకోసం ఈ ఏడు మాటలు.

1. బ్యాచ్ నంబరును ఎక్కడా తెగనివ్వకండి.
వెల్డు అయ్యాక రాడ్డు జాయింటులో కలిసిపోతుంది, మిగిలిన ముక్క చెత్తలోకి పోతుంది. ఏ రాడ్డు వాడారో చెప్పే సాక్షి కాగితం ఒక్కటే. ప్యాకెట్టు మీది నంబరే సర్టిఫికెట్టులో ఉండాలి, స్టోర్సు రిజిస్టరులో ఉండాలి, ఏ వెల్డరు ఏ జాయింటుకు వాడాడో రాసే షీటులోనూ ఉండాలి. ప్లేటు ఏ ఉక్కు పోతలోదో చెప్పే హీట్ నంబరూ అంతే. కొయ్యకముందే దాన్ని రెండో ముక్క మీద కూడా పంచ్ కొట్టించండి. కోసి కలిపేశాక కొట్టించేది ఊహే అవుతుంది.

2. సర్టిఫికెట్టు వచ్చిందంటే చాలదు, ఏ రకమో చూడండి.
ఈఎన్ 10204 అనే యూరప్ ప్రమాణంలో 2.2 రకం ఉంది. అందులోని అంకెలు మీ చేతికొచ్చిన సరుకువి కానక్కర్లేదు, అదే తరహా సరుకు మీద కంపెనీ చేసుకున్న పరీక్షలవి కావచ్చు. 3.1 అంటే మీకు పంపిన సరుకునే పరీక్షించి, ఉత్పత్తి విభాగం కింద లేని ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టినది. 3.2లో కొనేవాళ్ళ తరఫు ఇన్‌స్పెక్టరో, ప్రభుత్వ నియమాలు చెప్పిన ఇన్‌స్పెక్టరో కూడా సంతకం పెడతాడు. మీకు ఏది కావాలో కొనుగోలు ఆర్డరులోనే రాయించండి. కాగితం మీద "టిపికల్" అన్న మాట ఉందేమో వెదకండి, ఉంటే ఆ అంకెలు మీ సరుకువి కాకపోవచ్చు.

3. 7018 అనే వెల్డింగ్ రాడ్డు పేరులోనే చాలా ఉంది.
70 అంటే చదరపు అంగుళానికి 70,000 పౌండ్ల బలం, అంటే 490 మెగాపాస్కల్ దగ్గర. 1 అంటే అన్ని పొజిషన్లలో నడుస్తుంది. 8 అంటే హైడ్రోజన్ తక్కువగా ఉండే పూత. దీని వెల్డు మైనస్ 30 డిగ్రీల దగ్గర 27 జౌళ్ళ దెబ్బ కూడా తట్టుకోవాలి. కోలారులో మైనస్ ఎక్కడిదని కుర్రాళ్ళు అడుగుతారు. ఇక్కడ చేసిన బుల్డోజరు రేపు హిమాలయాల్లో మంచు తొయ్యాల్సి రావచ్చు కదప్పా.

4. మనది ఎండసీమ, తేమ ఏముంటుంది అనుకోవద్దు.
అక్టోబరు, నవంబరులో ముసురు పట్టిందంటే షెడ్డులో గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. 7018 పూత ఆ తేమను పీల్చుకుంటుంది. ఆర్కు వేడికి నీటిలోని హైడ్రోజన్ విడిపోయి ఉక్కులోకి దూరుతుంది. మందపాటి ప్లేటులో, గట్టి ఉక్కులో వెల్డు పక్కన పగులు పుట్టేది దీనివల్లే. అది అప్పుడే కనబడకపోవచ్చు, ఒకటి రెండు రోజులకు బయటపడవచ్చు. అందుకే బలమైన ఉక్కు రకాలకు 48 గంటలు ఆగి చూస్తారు. సాయంత్రం వెల్డు చేసి పొద్దున్నే పెయింటు వేసేస్తే ఆ పగులును మనమే కప్పిపెట్టినట్టు.

అమెరికా డీ1.1 వెల్డింగ్ కోడు ప్రకారం మామూలు 7018 రాడ్డు బయట 4 గంటలకు మించి ఉండకూడదు. అంతలో వెనక్కి వచ్చినవాటిని కనీసం 120 డిగ్రీల ఓవెన్‌లో ఉంచాలి. గడువు దాటితే 260 నుంచి 430 డిగ్రీల మధ్య 2 గంటలు ఆరబెట్టాలి, అదీ ఒక్కసారే. నీళ్ళకు తడిసినవైతే పారెయ్యాల్సిందే. పెట్టిన టైము, తీసిన టైము అప్పటికప్పుడు రాయండి. షిఫ్టు చివర ఒకే ఊపులో నింపిన ఓవెన్ రిజిస్టరు పేజీ చూస్తే నాకు భయమేస్తుంది.

5. మెల్‌బోర్న్ కథ తెలుసుకోండి.
అక్కడ కింగ్ స్ట్రీట్ వంతెన 1961లో తెరిచారు. 1962 జులై 10న బరువుతో లారీ పోతుంటే గర్డర్లు విరిగాయి. అడుగు పట్టీల చివర అడ్డంగా వేసిన వెల్డుల దగ్గర పగుళ్ళు మొదలయ్యాయి. ఆ ఉక్కు వెల్డింగుకు సులభంగా లొంగే రకం కాదు. కొన్ని పగుళ్ళు ఫ్యాక్టరీ దాటేటప్పటికే ఉన్నాయి, తనిఖీలో దొరకలేదు. ప్రాణనష్టం లేకపోవడం అదృష్టం.

6. ఎక్స్‌రే అన్నీ చూపించదు.
గాలిబుడగ, స్లాగు బాగా కనబడతాయి. కిరణానికి అడ్డంగా పడుకున్న సన్నని పగులు తప్పించుకోగలదు. అక్కడ అల్ట్రాసోనిక్ అడగండి.

7. చిన్న అంగళ్ళవాళ్ళకూ పరీక్ష ఉంది.
ట్రాక్టరు ట్రాలీలు, గేట్లు చేసేవాళ్ళకు ల్యాబు ఖర్చు భారమే. కొత్త ప్యాకెట్టు విప్పినప్పుడు రెండు తుక్కు ముక్కలను టీ ఆకారంలో నిలబెట్టి ఒకవైపే వెల్డు వెయ్యండి. వెల్డు లేని వైపు నుంచి సుత్తితో కొట్టి, నిలువు ముక్కను వెల్డు మీదికి వంచి విరగ్గొట్టండి. లోపల స్లాగు ఇరుక్కుందా, రంధ్రాలున్నాయా, మూలదాకా కరిగిందా అన్నది కంటికే తెలుస్తుంది. ప్యాకెట్టు మీది లేబుల్ కత్తిరించి నోటుబుక్కులో అంటించి, పక్కన తేదీ, ఆ రాడ్లతో చేసిన ట్రాలీ ఎవరిదో రాసిపెట్టుకోండి.