త్రాటి ఆట నేర్పు మేనకోడలికి

తార్నాక.

చిరంజీవి మేనకోడలికి,

ఉస్మానియా ప్రాంగణమందు వ్యాయామ విద్యను ముగించి, రామంతాపూరులోని ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగమున చేరితివని విని మిక్కిలి సంతసించితిని. మైదానమన్నది లేక, మేడకును ప్రహరీగోడకును నడుమనున్న సిమెంటు వాకిలియే ఆటస్థలమైన బడిలో డ్రిల్లు పీరియడున ఏమి చేయింపగలనని నీవు దిగులుపడుచున్నావని మీ అమ్మ చెప్పినది. ఆ వాకిలికి త్రాటి ఆట చాలును.

అయితే నిమిషమునకెన్ని గెంతులని లెక్కించు పందెములతో ఆరంభింపకుము. ఒకేచోట నిలిచి గెంతుటవలన ఊపిరియు పిక్కలును బలపడునుగాని, చురుకుదనమనునది తిరుగుచున్న పొడవుత్రాటిలోనికి బిడ్డ దూరు క్షణమున అలవడును. త్రాడు నేలను తాకి తన యెదుటినుండి ఆవలికి పోవుటను కంటితో పట్టి, ఆ చప్పుడును చెవితో విని, ఏ అడుగున బయలుదేరవలెనో నిశ్చయించుకొని, లోనికురికి, ఒక్క గెంతు గెంతి, ఎదుటివైపునకు వెడలిపోవుటలో కన్ను, చెవి, కాలు ఏకమగును. త్రాటిముందు నిలిచి ముందుకు వెనుకకు ఊగుచు, అడుగు వేయక సందేహించు ఆరేండ్ల పిల్లను తొందరపెట్టకుము. ఆ ఊగుటయందే ఆమె లయను పట్టుకొనుచున్నది. ఒకటవ తరగతివారికి మొదట నేలపై త్రాటిని మెలికలు త్రిప్పి పామాట ఆడింపుము. పిమ్మట త్రిప్పక అటునిటు ఊపుము. పూర్తిగా త్రిప్పుట ఆ తరువాతి మాట.

ఎవరి త్రాడు వారికిచ్చునపుడు, నడిమిని పాదముతో తొక్కి పట్టినచో కొనలు చంకలవరకు రావలెను. సిమెంటు నేల గావున, రెండంగుళములకు మించి లేవక, మునికాళ్లపై మోకాలు కొంచెము వంచి దిగుట నేర్పుము. 5 నుండి 17 ఏండ్లవారికి సగటున రోజునకు 60 నిమిషముల శారీరక శ్రమయు, వారమునకు కనీసము 3 రోజులు ఎముకలను, కండరములను బలపరచు వ్యాయామమును వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. గెంతుట అట్టి వ్యాయామమే.

త్రాడు కాలికి తగిలినవానిని ఔటని గోడప్రక్కన కూర్చుండబెట్టు ఆచారమును మాత్రము రానీయకుము. ఎవనికి అభ్యాసము ఎక్కువ కావలెనో వానినే ముందుగా ఆటనుండి తప్పించుట ఘోరమైన అన్యాయము. తగిలినవాడు త్రాడు త్రిప్పవలెను. త్రిప్పువానికిని లయ అబ్బును.

ఇది ఆడపిల్లల ఆటయని మగపిల్లలు ముఖము త్రిప్పుకొనినచో, బాక్సింగు నేర్చువారెల్లరును, పురుషులైనను స్త్రీలైనను, త్రాటితో సాధన చేయుదురని చెప్పి, 2022లో ఇస్తాంబుల్‌నందును, 2023లో న్యూఢిల్లీయందును ప్రపంచ విజేతయైన నిజామాబాదు ఆడబిడ్డ నిఖత్ జరీన్ పేరు చెప్పుము. 2016 రియో ఒలింపిక్సులో రజతము గెలిచిన పి.వి. సింధు బ్యాడ్మింటన్ ఓనమాలు దిద్దుకొన్నది మీ బడికి దూరముకాని ఇరిసెట్ రైల్వే సంస్థ కోర్టులలోనే యనియు చెప్పుము. పిల్లలకు దగ్గరి ఊరి పేరు వినిన ఉత్సాహము హెచ్చును.

పొడవుత్రాటికి నూలుదే మేలు. సన్నని ప్లాస్టిక్ త్రాడు కాలికి తగిలిన చురుక్కుమనును. 15 అడుగులది సరిపోవునేమో వాకిలి కొలిచి వ్రాయుము, కొని పంపెదను.

ఇట్లు,
నీ మేనమామ