పొలిటికల్ సైన్స్‌కి ఎక్కడికి పోదాం?

ఇంటర్ సీఈసీలో మంచి మార్కులు తెచ్చుకుని, బీఏలో పొలిటికల్ సైన్స్ చదువుతానంటే కరీంనగర్‌లో మొదట వినబడే మాట "అది చదివి ఏం చేస్తవ్?" ఆ గండం గడిస్తే రెండోది: ఎక్కడ చదవాలి? దీనికి జవాబు చాలా ఇళ్లలో బావో, మేనమామో, డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ దోస్త్ అప్లికేషన్ నింపే నెట్ సెంటర్ పిల్లగాడో చెప్పేస్తాడు. వెబ్ ఆప్షన్ల వరుస కూడా అతనే పెడతాడు. చదవాల్సినవాళ్లు పక్కన నిలబడి ఓటీపీ చెబుతారు.

దారులు తక్కువేం లేవు. ఊళ్లోనే 1956 నాటి ఎస్సారార్ ప్రభుత్వ కాలేజీ ఉంది. హైదరాబాద్‌లో నిజాం కాలేజీ ఉంది. ఈ రెండింటికీ దోస్త్ చాలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏకి గానీ, ఢిల్లీ యూనివర్సిటీలో ఆనర్స్‌కి గానీ 2022 నుంచి సీయూఈటీ అనే ప్రవేశపరీక్ష రాయాలి. చిక్కేమిటంటే, దోస్త్ ఇంటర్ ఫలితాల తర్వాత మొదలవుతుంది. సీయూఈటీ దరఖాస్తు గడువు తరచూ అంతకుముందే ముగుస్తుంది. మార్కులు చూశాక ఆలోచిద్దాంలే అనుకున్నవాళ్లకు సగం దారులు అప్పటికే మూసుకుపోతాయి.

పేరున్న యూనివర్సిటీయే మంచిదని నేననను. గ్రూప్స్ రాయాలన్నది ఖాయమైతే హెచ్ఈపీ తీసుకుని చరిత్ర, ఎకనామిక్స్ కూడా చదవడం తెలివైన పనే, దానికి ఢిల్లీ అక్కర్లేదు. ప్లేటో నుంచి అంబేడ్కర్ దాకా రాజకీయ చింతనను లోతుగా చదవాలని, రేపు పరిశోధన చేయాలని ఉంటే మాత్రం ఒకే సబ్జెక్టు మీద నిలబెట్టే చోటుకు పోవాలి. ఆ కోరిక మీదా, మీ బావదా అన్నది ముందు తేల్చుకోండి.

తేల్చుకోవడానికి ఒక పని చెబుతాను. భారత రాజ్యాంగం ఎలా తయారైందో గ్రాన్‌విల్ ఆస్టిన్ 1966లో రాసిన పుస్తకాన్ని ఆనర్స్ విద్యార్థులు చదువుతుంటారు. లైబ్రరీలో సంపాదించి, పెన్సిల్ పట్టుకుని పది పేజీలు చదవండి. తెలియని ఇంగ్లిష్ మాట కిందల్లా గీత గీయండి. పేజీ నిండా గీతలే ఉన్నా పదకొండో పేజీ తిప్పాలనిపిస్తే తెలుగు మీడియం అని భయపడనక్కర్లేదు. సీయూఈటీని తెలుగులో రాయవచ్చు గానీ, ఢిల్లీలో పాఠం తెలుగులో చెప్పరు. మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది.

దూరం పోతే వచ్చేది డిగ్రీ ఒక్కటే కాదు. వంగరలో పెరిగిన పీవీ నరసింహారావుకు 1938 వందేమాతరం ఉద్యమంతో నిజాం రాజ్యంలో చదువు ఆగి, నాగ్‌పూర్, పుణె దారి పట్టాల్సి వచ్చింది. (ఆయన చదివింది పొలిటికల్ సైన్స్ కాదు, అది వేరే సంగతి.) అక్కడ పట్టుబడిన మరాఠీతోనే తర్వాత హరి నారాయణ ఆప్టే నవలను 'అబల జీవితం'గా తెలుగు చేశారు. ఆ భాష ఏ సిలబస్‌లోనూ లేదు.

ఇక ఆడపిల్లను అంత దూరం ఎట్ల పంపుతమని అమ్మానాన్నలు అడిగితే చిన్నబుచ్చుకోకండి, లెక్క చూపించండి. ఢిల్లీ ప్రభుత్వ కాలేజీల్లో ఫీజు తక్కువే. హాస్టల్ సీట్లే కొద్ది. దొరక్కపోతే బయట పేయింగ్ గెస్ట్‌గా (పీజీ) ఉండాలి, ఏడాది ఫీజు కంటే పీజీ అద్దె, తిండి ఖర్చే ఎక్కువవుతాయి. అందుకే కాలేజీల జాబితా రాసుకునేటప్పుడు ప్రతి పేరు పక్కన హాస్టల్ ఉందా, ఉంటే ఫస్టియర్ వాళ్లకు ఇస్తారా అని ఫోన్ చేసి కనుక్కుని రాయండి. ఆ ఫోన్ మీరే చేయండి, బావతో చేయించకండి.