ఎర్ర మూతా, నారింజ మూతా?

రా చెల్లీ, కూర్చో. మీ మామగారికి డాక్టరుగారు ఇన్సులిన్ రాశారటగా. "సూది నేను వెయ్యాలా, అమ్మో!" అని ఫోన్లో నువ్వు అంటుంటే నాకు ఏడేళ్ల కిందటి నా మొహమే గుర్తొచ్చింది. మా అత్తయ్యకి మొదటిసారి వేసేటప్పుడు నా చేతులు గజగజలాడితే, "కానీవే, చీమ కుట్టినంత కూడా ఉండదట" అని ఆవిడే నాకు ధైర్యం చెప్పింది. గుచ్చడం మూడో రోజుకి అలవాటైపోయింది. నన్ను ముంచిందల్లా సిరంజి మూత రంగు.

అత్తయ్యది సీసా మందు. దాని మీద 40 ఐయూ అని ఉండేది, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల సీసాలూ వస్తాయి, వాటికి నారింజ మూతది. ఒకసారి ఎర్రవి అయిపోయాయని మందుల షాపు కుర్రాడు నారింజవి చేతిలో పెట్టి, "రెండూ ఒకటేనమ్మా" అన్నాడు. నేనూ తలూపి తెచ్చేసుకున్నా. ఎప్పటిలాగే 20 గీత దాకా లాగి వేస్తూ వచ్చా. ఆ సిరంజిలో 20 గీత అంటే మిల్లీలీటరులో ఐదో వంతు. మా సీసాలోంచి అంత లాగితే వచ్చేది 8 యూనిట్లే!

వారం తిరిగేసరికి పరగడుపు షుగర్ 300 దాటింది. వినాయక చవితి వెళ్లిన వారం అది. డబ్బాలో కజ్జికాయలు ఉన్నాయి కదా, అత్తయ్య చాటుగా తింటోందని ఇంటిల్లిపాదీ నిలదీశాం. దేవుడి మీద ఒట్టేసినా నమ్మలేదు. చివరికి చెకప్‌కి వెళ్తే, నర్సమ్మ నా సంచిలోంచి సిరంజి తీసి చూసి ఒక్క నిమిషంలో పట్టేసింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్తయ్య మొహం చూడలేకపోయాను.

ఇది తిరగబడి ఉంటే? 100 సీసా మందుని ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. ప్రాణం మీదికొస్తుంది. సీసా బదులు ఇన్సులిన్ పెన్ను అయితే ఈ లెక్కల గొడవ లేదు, తిప్పిన అంకే యూనిట్లు. అయితే ప్రతిసారీ ముందు 2 యూనిట్లు బయటికి వదిలి, సూది కొసన చుక్క రావడం చూసుకో. వేశాక పది లెక్కపెట్టి అప్పుడు తియ్యి. పెన్నులోంచి సిరంజితో మాత్రం ఎప్పుడూ లాగకు.

పాలలా తెల్లగా ఉండే మందయితే అరచేతుల మధ్య మెల్లగా దొర్లించు, మజ్జిగ చిలికినట్టు కుదపకు. ఫ్రిజ్‌లో పెట్టు గానీ ఫ్రీజర్ జోలికెళ్లకు. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. మూత తీసిన తేదీ సీసా మీదే రాసుకో, మామూలుగా నాలుగు వారాలే దాని ఆయుష్షు.

మా పిన్ని ఒకటుంది. "ఇక్కడైతే నొప్పి తెలీదే" అంటూ బొడ్డు పక్కన ఒకే చోట ఏళ్ల తరబడి వేయించుకుంది. అక్కడ ఉసిరికాయంత గడ్డ లేచింది. అలాంటి గడ్డలోకి వేసిన మందు ఒంటికి సరిగా పట్టదు. బొడ్డుకి రెండు వేళ్ల దూరం వదిలి, పొట్ట మీదా తొడల మీదా రోజుకో చోట మార్చు.

ఇక మన ఇళ్లలో ఇంకో గండం, ఉపవాసాలు. కార్తీక సోమవారమనో ఏకాదశనో సూది వేయించుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. నైవేద్యం కాలేదని సూది వేసిన మనిషికి అన్నం ఆపకు, దేవుడేమీ అనుకోడు. ఉపవాసం ఉండాలంటే ముందే డాక్టరుగారిని అడగాలి. జ్వరమొచ్చినా అంతే, సూది మనంతట మనం మానకూడదు. చెమటలు, వణుకు, గుండెదడ, తిక్కతిక్కగా మాట్లాడటం కనిపిస్తే మీటరు పెట్టి చూడు. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించు. పావుగంటకి మళ్లీ చూడు, పెరగకపోతే మళ్లీ తాగించు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకు, 108కి ఫోన్ చెయ్యి.

వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించు. చెత్త తీసుకెళ్లే ఆవిడ చేతులూ చేతులేగా.

సరే, ఈ కాఫీ తాగి వెళ్లు. ఇంటికెళ్లగానే సీసా మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ చదివి నాకు ఫోన్లో చెప్పు. ఆ తర్వాతే మీ మామగారికి సూది.