తలుపు ముందుకు తెరుచుకునే కారు: మోడల్ కిట్ తయారీ పాఠం



పదో తరగతి తర్వాత మన హాస్టల్ నుంచి ఏటా కొందరు పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరుతున్నారు. మరికొందరు ఐ.టి.ఐ.కి వెళ్తున్నారు. అక్కడ మొదటి ఏడాదిలోనే ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఎదురవుతుంది. ఒక వస్తువును ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి చూస్తే ఎలా కనిపిస్తుందో గీయమంటారు. లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్నవాడు కూడా ఆ డ్రాయింగ్ హాల్లో తెల్లమొహం వేయడం మేము చూశాం. అది తెలివితక్కువ వల్ల కాదు. యంత్రం భాగాన్ని చేత్తో పట్టుకొని, ఇటూ అటూ తిప్పి చూసే అవకాశం అంతవరకు రాకపోవడం వల్ల. పుస్తకంలో బొమ్మ చూసి, నల్లబల్ల మీది బొమ్మ దించుకొని పెరిగిన చదువు మనది.

అందుకే ఈ ఏడాది వేసవి సెలవులకు ముందు నాలుగు ఆదివారాలు మేము కొందరం పూర్వ విద్యార్థులం స్టడీ హాల్లో కూర్చొని, తొమ్మిదో తరగతి తమ్ముళ్ళతో కలిసి ఒక కారు మోడల్ కట్టాం. అది ప్లాస్టిక్ కిట్. జర్మనీకి చెందిన రెవెల్ కంపెనీ 1:16 స్కేలులో తెచ్చిన 'బి.ఎం.డబ్ల్యూ. ఇసెట్టా 250' అనే పాతకాలపు బుల్లి కారు. తలా కొంత వేసుకొని కొన్నాం. రేసు కార్ల కిట్లు ఎన్నో ఉండగా ఈ గుడ్డు లాంటి కారును ఎందుకు ఎంచుకున్నారని చాలామంది అడిగారు. పెద్ద కారులో ఏ భాగం ఎందుకుందో తెలియాలంటే చాలా చదవాలి. ఇసెట్టాలో అలా కాదు. ప్రతి భాగం అక్కడే ఎందుకుందో కాస్త ఆలోచిస్తే మనకే తెలిసిపోతుంది. డబ్బు లేని కాలంలో, డబ్బు లేనివాళ్ళ కోసం ఆలోచించి చేసిన బండి అది.

ఎక్కడ పుట్టింది?

రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. యూరప్‌లో ఊళ్ళు కూలిపోయాయి, ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయి. మామూలు ఉద్యోగికి, కూలీకి కారు కొనే స్తోమత లేదు. వానలో, మంచులో మోటార్‌సైకిల్ మీద కుటుంబాన్ని తీసుకువెళ్ళలేడు. ఈ ఇబ్బంది నుంచే 'మైక్రోకార్లు' వచ్చాయి. అంటే మోటార్‌సైకిల్ ఇంజనుతో నడిచే చిన్న కార్లు.

ఇటలీలో మిలాన్ పక్కన బ్రెస్సో అనే చోట ఇసో అనే కంపెనీ ఉండేది. మొదట ఫ్రిజ్‌లు చేసింది, తర్వాత స్కూటర్లు చేసింది. దాని యజమాని రెంజో రివోల్టా. విమానాల రూపకల్పన తెలిసిన ఎర్మెనెజిల్డో ప్రేతి అనే ఇంజనీరు, తన సహచరుడు పియర్‌లుయీజీ రాజ్జీతో కలిసి ఈ కారును రూపొందించాడు. 1953లో టూరిన్ నగరంలో దీన్ని ప్రదర్శించారు. 'ఇసెట్టా' అంటే చిన్న ఇసో అని అర్థం. ఆ తర్వాత జర్మనీలోని బి.ఎం.డబ్ల్యూ. కంపెనీ దీని లైసెన్సు కొనుక్కొంది. ఈ రోజు ఆ పేరు వింటే సినిమా తారల కార్లు గుర్తుకొస్తాయి. అప్పట్లో మాత్రం వాళ్ళ పెద్ద కార్లు కొనేవాళ్ళు తక్కువ, మోటార్‌సైకిళ్ళ అమ్మకాలూ పడిపోతున్నాయి. 1955లో వాళ్ళు తమ మోటార్‌సైకిల్ ఇంజనును ఇందులో బిగించి బజారులోకి తెచ్చారు. సుమారు 250 సీసీ, ఒకే సిలిండరు, 12 హార్స్ పవర్, గంటకు 85 కిలోమీటర్ల వేగం. 1962లో తయారీ ఆపేసే నాటికి బి.ఎం.డబ్ల్యూ. ఒక్కటే లక్షా 61 వేలకు పైగా ఇసెట్టాలు చేసింది. మధ్యలో 1956లో సూయజ్ కాలువ గొడవ వచ్చి పెట్రోలుకు కరువొచ్చింది. తక్కువ పెట్రోలు తాగే ఇలాంటి బండ్లకు గిరాకీ పెరిగింది.

మనకు దూరపు కథలా అనిపించవచ్చు. కానీ మనం ఊరి నుంచి హాస్టల్‌కు ఎక్కి వచ్చే ఆటోకు కూడా ఇదే పుట్టిల్లు. ఇటలీలోని పియాజియో కంపెనీ స్కూటర్ వెనుక భాగాన్ని మార్చి 1948లో 'ఆపె' అనే మూడు చక్రాల బండి తెచ్చింది. మన దేశపు ఆటోరిక్షా ఆ వంశంలోదే.

స్కేలు లెక్క

1:16 అంటే అసలు బండి మీద 16 సెంటీమీటర్లు ఉన్నది మోడల్ మీద 1 సెంటీమీటరు. మీరు నిష్పత్తుల పాఠంలో చదివిందే. అసలు ఇసెట్టా పొడవు సుమారు 229 సెం.మీ., వెడల్పు 138 సెం.మీ., ఎత్తు 134 సెం.మీ. అంటే ఆరడుగుల మంచం కంటే ఒక మూరెడు పొడవు, అంతే! పదహారుతో భాగిస్తే మోడల్ పొడవు 14.3 సెం.మీ., వెడల్పు 8.6 సెం.మీ., ఎత్తు 8.4 సెం.మీ. వస్తాయి. మేము కట్టడం మొదలుపెట్టే ముందే ఈ లెక్క అందరిచేత చేయించాం.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. పొడవు పదహారో వంతు అయితే బరువు కూడా పదహారో వంతేనా? హాల్లో సగం మంది అవునన్నారు. కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదహారో వంతుకు తగ్గుతాయి కదా! 16ను 16తో, మళ్ళీ 16తో గుణిస్తే 4096. అసలు కారు సుమారు 350 కిలోలు. అదే ఇనుముతో, అదే పోలికలో ఈ మోడల్ చేస్తే 85 గ్రాములు తూగుతుంది. వైశాల్యం మాత్రం 16 ఇంటూ 16, అంటే 256వ వంతు. రంగు ఎంత పడుతుందో లెక్క వేయడానికి ఇది పనికొస్తుంది.

ఇంకొక సంగతి. కారు రేకు మందం ఒక మిల్లీమీటరు కంటే తక్కువే ఉంటుంది. దాన్ని పదహారో వంతు చేస్తే నోటుపుస్తకం కాగితం కంటే పలుచనవుతుంది. అంత పలుచటి ప్లాస్టిక్ పట్టుకోగానే విరుగుతుంది. కాబట్టి కిట్ చేసేవాళ్ళు మందం దగ్గర స్కేలును వదిలేస్తారు. బయటి కొలతలు నిజం, మందం రాజీ. ఏ మోడల్ చూసినా ఎక్కడ నిజముందో, ఎక్కడ రాజీ ఉందో వెతకండి.

భాగాలు చెప్పే పాఠం

పెట్టె తెరవగానే చిన్న చిన్న భాగాలన్నీ కొమ్మలకు కాయల్లా ప్లాస్టిక్ చట్రాలకు అంటుకొని ఉంటాయి. ప్రతి దాని పక్కన ఒక అంకె. వాటితో పాటు ఒక బొమ్మల పుస్తకం. అందులో మాటలు చాలా తక్కువ. ఏ అంకె భాగం ఏ అంకె భాగంలోకి ఏ వైపు నుంచి వెళ్తుందో బాణాలతో చూపిస్తారు. ఇంగ్లీషు పాఠం చదవమంటే లేవడానికి సంకోచించే ఒక తమ్ముడు ఈ బొమ్మలను అందరికంటే వేగంగా చదివాడు. వాళ్ళ నాన్న సైకిల్ షాపులో పనిచేస్తారట. రెండో ఆదివారం నుంచి మేము కూడా అతన్నే అడిగి చేశాం.

ఇసెట్టాకు పక్కన తలుపులు లేవు. ముందు భాగం మొత్తం ఒకే తలుపు. ఫ్రిజ్ తలుపులా తెరుచుకుంటుంది. పక్క తలుపులు లేకపోతే పొడవు తగ్గుతుంది, రేకు తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది. కానీ ముందు తలుపు తెరిస్తే స్టీరింగ్ అడ్డం కదా? అందుకని స్టీరింగ్‌ను తలుపుకే బిగించి, కింద మలుపు తిరిగే జాయింటు పెట్టారు. తలుపుతో పాటే స్టీరింగ్ పక్కకు తప్పుకొంటుంది. మరి ముందు నుంచి దెబ్బ తగిలి తలుపు బిగుసుకుపోతే? పైకప్పులో మడత పెట్టే గుడ్డ కప్పు ఉంచారు. గాలికీ అదే, ప్రమాదంలో బయటపడే దారీ అదే. ఇది అంత భద్రమైన ఏర్పాటు అని మేము అనము. పొదుపు కోసం ఏదో ఒకటి వదులుకోక తప్పలేదు.

అన్నిటికంటే ఎక్కువసేపు మేము ఆగింది వెనుక చక్రాల దగ్గర. ముందు చక్రాల మధ్య సుమారు 1.2 మీటర్లు, వెనుక చక్రాల మధ్య సుమారు అర మీటరు మాత్రమే. ఇంత దగ్గరగా ఎందుకు? బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోతాయి. లంబకోణం మలుపులో ఈ తేడా, చక్రాల మధ్య దూరాన్ని π/2తో గుణిస్తే వస్తుంది. 1.2 మీటర్లకు అది దాదాపు 1.88 మీటర్లు. అర మీటరుకు 0.79 మీటరు. తేడా ఎక్కువైతే రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగడానికి డిఫరెన్షియల్ అనే పళ్ళ చక్రాల పెట్టె కావాలి. చక్రాలను దగ్గరకు జరిపి, ఆ పెట్టెనే తీసేశారు. ఇంజను నుంచి చైను ద్వారా ఒకే ఇరుసు తిరుగుతుంది. మన ఆటో వెనుక చక్రాలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి దానికి డిఫరెన్షియల్ ఉంటుంది. ఈసారి ఆటో స్టాండులో వంగి చూడండి, డ్రైవరన్నను అడిగితే చూపిస్తారు.

ఇంజను బండికి మధ్యలో కాకుండా కుడి పక్కన ఉంటుంది. జర్మనీలో డ్రైవరు ఎడమ పక్కన కూర్చుంటాడు. ఒంటరిగా పోయేటప్పుడు ఎడమన మనిషి, కుడిన ఇంజను, రెంటికీ సరితూకం. ఇంగ్లండులో బ్రైటన్ పట్టణంలో ఇదే కారును తయారు చేసినప్పుడు డ్రైవరు కుడికి మారాడు, ఇంజను మాత్రం కుడివైపే ఉండిపోయింది. మూడు చక్రాల బండి ఒక పక్కకు ఒరగకుండా ఎడమన బరువు కట్టాల్సి వచ్చింది. ఒకచోట చక్కగా అమరిన ఏర్పాటును ఇంకోచోటికి ఉన్నదున్నట్టు తీసుకుపోతే ఇలాగే అవుతుంది.

చేతి పని

భాగాలను చట్రం నుంచి చేత్తో విరచకూడదు, విరిస్తే ముక్క లేచిపోతుంది. చిన్న కట్టింగ్ ప్లేయర్ మంచిది. అది లేకపోతే గోళ్ళు తీసుకునే నెయిల్ కట్టర్ చక్కగా పనిచేస్తుంది. భాగానికి కొంచెం దూరంగా కోసి, మిగిలిన మొటిమను నున్నటి ఉప్పు కాగితంతో, నీళ్ళు తడిపి రుద్దాలి. ఒకేసారి అన్నీ కోసేయకండి. అంకె పోతే ఏది ఏదో తెలియదు. ఆ మెట్టుకు కావలసినవే కోయండి. రంగు వేసే ముందు సబ్బు నీళ్ళతో కడగాలి. అచ్చు నుంచి తీసేటప్పటి జిడ్డు, మన చేతి జిడ్డు ఉంటే రంగు పట్టదు.

జిగురు పెట్టకుండా ముందు అమర్చి చూడాలి. ఇది మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. ఈ కిట్ల జిగురు మామూలు గోందులా మధ్యలో నిలబడి అతికించదు. రెండు ప్లాస్టిక్ అంచులనూ కరిగించి కలిపేస్తుంది, వెల్డింగ్ లాగ. ఒకసారి అతికాక ఊడదీయలేరు. అందుకే తక్కువ పెట్టాలి. ఎక్కువైతే బయటికి పొంగి పైభాగాన్ని కరిగిస్తుంది. ఆ జిగురు, థిన్నరు రెండూ మండే గుణం కలవి. వాసన తలనొప్పి తెస్తుంది. కిటికీలు తెరిచి, దీపానికీ అగ్గిపుల్లకూ దూరంగా, పెద్దవాళ్ళు పక్కనుండగానే వాడాలి. పని అయ్యాక సీసా వార్డెన్ గారి బీరువాలో పెట్టించాం.

అద్దాలకు ఆ జిగురు వాడకండి. ఫెవిక్విక్ లాంటివీ వద్దు. వాటి ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. పుస్తకాలకు అట్టలేసే తెల్ల ఫెవికాల్ చాలు. ఆరితే పారదర్శకమవుతుంది. రంగు ఒకే దెబ్బకు దట్టంగా వేయకుండా పలుచగా రెండు మూడు పూతలు వేసి, ఒక్కో పూత ఆరనివ్వాలి. నంబరు ప్లేటు, గుర్తుల స్టిక్కర్లను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే కాగితం మీద నుంచి జారుతాయి. వాటిని కుంచెతో మోడల్ మీదికి జరిపి, పాత బనీను గుడ్డతో నీరు అద్దాలి.

కిట్ దొరకనివాళ్ళకు

ఊళ్ళో ఉన్న తమ్ముళ్ళు అట్టముక్కలతో 1:10 స్కేలులో ఇదే కారు చేయవచ్చు. పొడవు 22.9 సెం.మీ., వెడల్పు 13.8 సెం.మీ., ఎత్తు 13.4 సెం.మీ. చక్రం అడ్డుకొలత దాదాపు 5 సెం.మీ., కాబట్టి నాలుగు గుండ్రటి ముక్కలు. ముందు చక్రాల మధ్య 12 సెం.మీ., వెనుక 5 సెం.మీ. దూరం ఉంచండి. ముందుగా మూడు వైపుల బొమ్మలూ నోటుపుస్తకంలో గీసి, కొలతలు వేసి, ఆ తర్వాతే కత్తెర పట్టండి. ముందు భాగాన్ని ఒకే ముక్కగా కోసి, డ్రైవరుకు ఎడమచేతి వైపు అంచున గుడ్డ పట్టీ అతికిస్తే తలుపుకు కీలు తయారవుతుంది. పట్టీ పూర్తిగా ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. అంతవరకు తలుపు తెరవకండి.