రెండు జీతాల మధ్య తెనాలి కుటుంబం

సమస్య

తెనాలిలో మందుల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాసే 38 ఏళ్ల పాఠకునికి హైదరాబాదు రాయదుర్గంలోని ఒక సంస్థ నెలకు 55 వేల రూపాయల జీతంతో ఉద్యోగం ఇవ్వజూపింది. ప్రస్తుత జీతం 28 వేలు. సొంత ఇల్లు ఉన్నది. భార్య ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, సాయంత్రం ఇంట్లో ట్యూషన్లు నడుపుతూ 18 వేల దాకా సంపాదిస్తున్నది. కుమార్తె ఏడో తరగతి. పిల్ల భవిష్యత్తు కోసమైనా వెళ్లాలని బంధువులు అంటుండగా, షుగరు వ్యాధి ఉన్న తల్లి ఊరు కదలనంటున్నందున, ఏది సబబో చెప్పమని ఆయన కోరారు.

సలహా

వలసలను పరిశీలించిన ఎవరెట్ లీ 1966లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, మనిషిని ఊరి నుంచి నెట్టే వికర్షక కారకాలు, కొత్త చోటికి లాగే ఆకర్షక కారకాలు, రెంటి నడుమ నిలిచే అడ్డంకులు కలిసి వలసను నిర్ణయిస్తాయి. ఈ లేఖలో నెట్టేది ఏదీ కనిపించదు. లాగేది జీతం ఒక్కటే. ఆ జీతాన్ని కూడా 28 వేలతో పోల్చడం సరికాదు, ఎందుకంటే కుటుంబం కదిలితే భార్య సంపాదన కూడా ఆగిపోతుంది. ఒక దారి పట్టినందుకు వదులుకోవలసివచ్చే రాబడిని అర్థశాస్త్రం అవకాశ వ్యయం అంటుంది. దానిని కలిపితే పోలిక 46 వేలకూ 55 వేలకూ మధ్యనే మిగులుతుంది. ఆ తొమ్మిది వేలలోనే అద్దె, అపార్టుమెంటు మెయింటెనెన్స్, వేసవిలో నీళ్ల ట్యాంకరు ఖర్చు ఇమడాలి, ఇమడవు. ఆమెకు అక్కడా బడి ఉద్యోగం దొరకవచ్చు గాని, వీధిలోని తల్లుల నమ్మకంతో పెరిగిన ట్యూషను మాత్రం మళ్లీ మొదటి నుంచి కట్టుకోవలసిందే.

అయినా నగరానికి ఒక నిజమైన బలం ఉన్నది. అది మొదటి జీతం కాదు, రెండో ఉద్యోగం: ఒక సంస్థ మూతపడినా ఇల్లు మారకుండానే మరొకటి వెతుక్కునే వీలు తెనాలిలో తక్కువ. అయితే కొత్త కొలువులో జీఎస్టీ రిటర్నులు, ఆడిట్ వంటి, మరో యజమాని విలువ కట్టే పని నేర్పితేనే ఆ బలం దక్కుతుంది. బిల్లులు ఎక్కించే పనే అయితే దక్కదు. ఈ సంగతిని సంస్థనే సూటిగా అడగాలి.

బంధువులు పిల్ల చదువును కారణంగా చూపారు గాని, గడువు పెట్టేది కూడా అదే. వృత్తి విద్యా ప్రవేశాలలో స్థానికత, అంటే ఆ ప్రాంతపు విద్యార్థిగా సీట్లలో పెద్ద వాటాకు పోటీపడే అర్హత, 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి వచ్చింది. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండటం దాని ప్రధాన నియమం. ఇంటర్ అర్హతగా ఉన్న కోర్సులకు అవి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు. విభజన చట్టం కల్పించిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది కనుక, పదో తరగతి మధ్యలోనో ఇంటర్‌లోనో రాష్ట్రం మారితే అమ్మాయి రెండు చోట్లా చిక్కులో పడవచ్చు. కుటుంబమంతా వెళ్లదలిస్తే తొమ్మిదో తరగతి మొదలయ్యేలోపు వెళ్లాలి, లేదా ఇంటర్ అయ్యేదాకా ఆగాలి.

ప్రస్తుతానికి ఇల్లు కదపకపోవడమే మేలు. ఆయన ఒక్కరే వెళ్లి ఏడాది చూడదలిస్తే నాగోలు, ఉప్పల్ వైపు గది తీసుకోవడం మంచిది, అక్కడి నుంచి రాయదుర్గానికి మెట్రో నేరుగా వెళుతుంది; మియాపూర్ వైపు ఉంటే అమీర్‌పేటలో రైలు మారాలి. రెండు కాపురాల ఖర్చుతో పాటు తల్లి మందులు, పరీక్షల భారమంతా భార్య మీద పడుతుంది కనుక, ఆమె ఒప్పుకోనిదే ఈ ప్రయోగం కూడదు. అంతకు ముందు, సీజన్ టికెట్‌తో రోజూ వెళ్లి రాగల విజయవాడ, గుంటూరులలో 40 వేల కొలువు దొరుకుతుందేమో వెతకాలి. దొరికితే అది హైదరాబాదు 55 వేల కంటే లాభసాటి.